గ్రోసుకెంత?

నేను చేత్తో సాక్స్ అల్లుతాను. మన పాఠం భాషలో మేజోళ్ళు. కోవిల్‌పట్టి ఎండలో సాక్సా అని నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. పొద్దున బస్సు సాత్తూరు చేరేలోపు పది చుట్లు, సాయంత్రం విరుదునగర్ నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకో పది. పక్క సీటు అక్కలు సూదుల్ని చూసి కొంచెం జరిగి కూర్చుంటారు, నాకు చోటు కలిసొస్తుంది.

మొదటి జత మా అవ్వకి అల్లాను. మార్గళి తెల్లవారుజామున సిమెంటు నేల మీద కాలు పెడితే ఆమెకి జివ్వుమంటుంది. విప్పి మళ్ళీ అల్లినవి కూడా కలిపితే నెల పట్టింది. తీసుకెళ్ళి చేతిలో పెడితే అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి మాట: "గ్రోసుకెంతే?"

మన తరగతిలో సగంమందికి ఈ మాట వివరించక్కర్లేదు. గ్రోసు అంటే 144. అవ్వ ముప్పై ఏళ్ళు ఇంటి తిన్నె మీద కూర్చుని అగ్గిపెట్టెలు అంటించింది, గ్రోసు లెక్కన కూలి. 2021 డిసెంబర్ 1న అగ్గిపెట్టె ధర పద్నాలుగేళ్ళ తర్వాత రూపాయి నుంచి రెండు రూపాయలైంది. అది విని "ఇప్పుడా?" అంది. అప్పటికి ఆమె అంటించడం మానేసి చాలా ఏళ్ళయింది. లెక్కపెట్టకుండా ఒక వస్తువు చేయడం ఆమె జీవితంలో లేదు. అందుకే ఆ ప్రశ్నకి నాకు కోపం రాలేదు.

కోపం వచ్చింది మొన్న మన విభాగం చేతిపనుల బల్ల దగ్గర. అన్నిటికీ ధర చీటీలు పెట్టారు. నా సాక్స్ దగ్గర "అమ్మకానికి కాదు" అని రాశాను. "రోడ్డు మీద వంద రూపాయలకి మూడు జతలు ఇస్తారే, దీనికింత బిల్డప్పా?" అన్నారు. ఇంకొకరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఆర్డర్లు తీసుకోమన్నారు. మా అత్త కూడా అదే మాట. చేతిలో పని ఉంటే డబ్బు రావాలి, రాకపోతే అది దండగ అని అందరి లెక్క.

అదే బల్ల మీద మన క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఆరి వర్క్ చేసిన బ్లౌజు పెట్టింది. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని కుట్టింది. తనకి డబ్బు నిజంగా కావాలి. అడిగిన ధర ఎంతంటే, గుడ్డకీ పూసలకీ సరిపోయేంత. ఎందుకే అంటే, "టైంపాస్‌కి చేసిందే కదా" అంది.

ఈ మాట తెలుగు ఆడవాళ్ళకి కొత్త కాదు. పశ్చిమ గోదావరిలో నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు క్రోషే కొక్కెంతో లేసు అల్లుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, ఆ తర్వాత విదేశాలకి వెళ్ళే సరుకైంది. జర్మనీకి చెందిన మరియా మీస్ వాళ్ళ గురించి 1982లో ఒక పుస్తకం వేశారు. అందులో ఆమె చెప్పింది ఇదీ: రోజూ గంటల తరబడి అల్లుతున్నా వాళ్ళని పనివాళ్ళుగా చూడలేదు. ఇంట్లో ఉండే ఇల్లాళ్ళు, తీరిక వేళ అల్లుకుంటున్నారు అన్నారు. ఆ పేరు మీదే కూలి తక్కువ, లాభం వ్యాపారులది. మా అవ్వ తిన్నె మీద కూర్చున్నదీ "ఇంట్లో ఊరికే ఉండటం" కిందే లెక్క.

కాబట్టి నా అభిప్రాయం ఇది. అమ్మేవాళ్ళు గంటలు లెక్కకట్టి గట్టిగా అడగండి, టైంపాస్ అనే మాట నోట రానివ్వకండి. నాలాగా అమ్మనివాళ్ళని వదిలేయండి. వంద రూపాయలకి మూడు జతల మిషన్‌తో నేను పోటీ పెట్టుకోను. (తిరుప్పూర్ బనియన్‌ని దగ్గరగా చూడండి, నేను వేసే ముడి లేని ఉచ్చులే అందులోనూ ఉంటాయి.) నాకలా చెప్పగలిగే వీలుంది, నాయన ఫీజు కడుతున్నారు కాబట్టి. అది నాకు తెలుసు. అవ్వకి ఆ వీలు లేదు. అయినా దొరికిన దాన్ని ధర చీటీకి ఇచ్చేయాలని లేదు.

సాక్స్‌లో కష్టమంతా మడమ దగ్గర. అరవై కుట్లు, నాలుగు సూదుల మీద పదిహేనేసి, అయిదో సూదితో అల్లిక. గొట్టంలా నేరుగా వస్తున్నదాన్ని అక్కడ ఆపి, సగం కుట్ల మీదే ముందుకీ వెనక్కీ అల్లి, చిన్న గిన్నెలా తిప్పాలి. కాటన్ నూలు ఉలన్‌లా సాగదు, కొలత తప్పితే దాగదు. మూడుసార్లు విప్పేశాను. నాలుగోసారి తిరిగినప్పుడు బస్సులో గట్టిగా "వచ్చింది!" అన్నాను, కండక్టర్ స్టాప్ అనుకున్నాడు.

అవ్వ ఆ రాత్రి వేసుకుంది. పగిలిన మడమ మీద చెయ్యి పెట్టి తడుముకుంది. "గుదికాలు బాగా కూర్చుందే" అంది. ధర మళ్ళీ అడగలేదు.

రెండో జత సూది మీద ఉంది, వంకాయ రంగు. నేర్చుకోవాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం భోజనం గంటలో వేపచెట్టు కిందికి రండి, ఇంకో సెట్ సూదులు ఉన్నాయి. ఆర్డర్లు తీసుకోను.