మోర్గనునకు మన్నన, కిడ్డునకు ఉరికంబము

తెరచాప ఓడలు సామ్రాజ్యములను మోసిన కాలమున, పరదేశపు నావను పట్టి దోచినవానికి రాజముద్ర గల అనుమతిపత్రమున్నచో వీరుడనియు, లేనిచో దొంగయనియు పేరు వచ్చెడిది. ఆ పత్రము సైతము ఏలినవారి అవసరమును బట్టియే చెల్లుచుండెననుటకు ఇంగ్లండు చేరదీసిన ఇద్దరి చరిత్రలు చాలును.

హెన్రీ మోర్గన్ జమైకా గవర్నరిచ్చిన పత్రముతో 1671 జనవరిలో స్పెయినువారి పనామాపై బడి కొల్లగొట్టెను, నగరము దగ్ధమయ్యెను. అంతకు ఆరునెలల క్రిందటనే ఉభయ రాజ్యములును మాడ్రిడ్‌లో సంధి చేసికొనియుండెను. స్పెయిను ఆగ్రహింపగా అతనిని లండనునకు పట్టి తెచ్చిరి గాని, శిక్షించుట మాట యటుంచి, రెండవ చార్లెస్ 1674లో సర్ బిరుదమిచ్చి జమైకాకు ఉపగవర్నరుగా పంపెను. బానిసల చాకిరితో సాగు చెరకుతోటల యజమానియై, ఓడదొంగలకు తీర్పులు చెప్పి, 1688లో కన్నుమూసి అధికార లాంఛనములతో అతడు సాగనంపబడెను.

కప్తాను విలియం కిడ్డునకు ఆ భాగ్యము లేదు. ఓడదొంగలను, ఫ్రెంచి నౌకలను పట్టుమని 1696లో మూడవ విలియం అతనికి ఆజ్ఞాపత్రమిచ్చెను. అతని యాత్రకు పెట్టుబడి పెట్టినవారిలో మంత్రులును, తరువాత మసాచుసెట్సు గవర్నరైన బెల్లమాంట్ ప్రభువును ఉండిరి. 1698 జనవరిలో మన మలబారు తీరమున, కొచ్చిన్‌కు దూరముగా నడిసముద్రమున, కిడ్ ఫ్రెంచి జెండా నెగురవేసి ‘కేదా మర్చంట్’ను సమీపింపగా, ఆ నావవారు నమ్మి ఫ్రెంచివారి రహదారి పత్రమునే చూపిరి. పట్టు, మస్లిను, చక్కెర, నల్లమందు, సూరేకారము నిండిన ఆ ఓడసరకు ప్రధానముగా ఆర్మీనియను వర్తకులది. ఫ్రెంచి పత్రమున్నందున పట్టుట న్యాయమే యని అతని వాదము.

అయితే 1695లో ఓడదొంగ హెన్రీ ఎవెరీ మక్కానుండి వచ్చుచున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచినప్పుడు సూరతులోని ఇంగ్లీషువారు చెరసాల పాలైరి. కిడ్ పనివలన మొగలు కోపమునకు మరల గురియగుట ఈస్టిండియా కంపెనీకి గిట్టుబాటు కాదు. తానే పెట్టుబడిదారుడైన బెల్లమాంట్, కిడ్డును 1699లో బోస్టనులో బంధించెను. కిడ్ అతనికప్పగించిన రహదారి పత్రములు 1701 విచారణలో, ఎంత అడిగినను, న్యాయస్థానమునకు రాలేదు. అతనికి మరణశిక్ష పడెను; ఉరిత్రాడు ఒకసారి తెగగా మరల వ్రేలాడదీసిరి. కళేబరమును థేమ్సు తీరమున ఇనుప చట్రమున కట్టియుంచిరి. ఆ పత్రములు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో లండను ప్రభుత్వ దస్తావేజులలోనే బయటపడినవి!

కిడ్ నిర్దోషి యని నేననను. తన ఫిరంగివానిని బక్కెటుతో మోది చంపినవాడు, ఎర్రసముద్రపు మోచా రేవునుండి వచ్చు ఓడలపై పొంచియున్నవాడు. కాని పనామా వాసుల గోడు ఆర్మీనియను వర్తకుల గోడుకంటె తక్కువదా? కిడ్డు వెనుకనున్న ప్రభువులలో ఒక్కరికిని శిక్ష పడలేదు. చరిత్ర పాఠములు రచించువారికి నా మనవి యొక్కటే: కిడ్డును దొంగయని వ్రాయు పుటలోనే సర్ మోర్గనును కూడ దొంగయనియే వ్రాయుడు, పెట్టుబడి పెట్టినవారి పేర్లను వదలకుడు.