మన హాల్లో ఎక్స్‌బాక్స్: నాలుగు తరాల కథ

న్యూజెర్సీ నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. "మా పదేళ్ల బాబు పుట్టినరోజుకి ఎక్స్‌బాక్స్ కావాలని మంకుపట్టు పట్టాడు. మావారి కంపెనీలో లేఆఫ్‌ల మాట వినిపిస్తోంది. ఇప్పుడు అంత డబ్బు పోసి కొనమంటారా? రేపు సర్దుకుని ఇండియా వెళ్లాల్సి వస్తే అది అక్కడ పనిచేస్తుందా?" అని అడిగారు.

ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కానీ ఆ డబ్బా పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే నిర్ణయం మీకే తేలికవుతుంది. ఒక విధంగా అది మన కథ కూడా. ఎక్స్‌బాక్స్ ఈ దేశంలో అడుగుపెట్టిందీ, మనవాళ్లలో చాలామంది పెట్టె పట్టుకుని ఇక్కడ దిగిందీ ఇంచుమించు ఒకే కాలంలో.

2000లో సోనీ వారి ప్లేస్టేషన్ 2 వచ్చింది. ఇళ్లలో కంప్యూటర్ చేసే పని రేపు ఆ గేముల డబ్బాయే చేసేస్తుందేమోనని మైక్రోసాఫ్ట్‌కి బెంగ పట్టుకుంది. ఆ కంపెనీలోనే షేమస్ బ్లాక్లీ, కెవిన్ బేకస్, టెడ్ హేస్, ఓటో బెర్కస్ అనే నలుగురు "మనమే ఒకటి చేద్దాం" అని పెద్దలను ఒప్పించారు. విండోస్‌లో గేములు నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు డైరెక్ట్‌ఎక్స్. దాని డబ్బా కాబట్టి డైరెక్ట్‌ఎక్స్ బాక్స్ అన్నారు. అదే కుదించుకుని ఎక్స్‌బాక్స్ అయింది.

2001 నవంబరు 15న అమెరికాలో అమ్మకానికి పెట్టారు. ధర 299 డాలర్లు. లోపల 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, 8 జీబీ హార్డ్ డిస్క్. మూత తీసి చూసిన మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు "ఇది కంప్యూటరే కదరా" అన్నారంటే తప్పు లేదు. సరిగ్గా ఏడాదికి ఎక్స్‌బాక్స్ లైవ్ వచ్చింది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చునే ఊరవతలి వాళ్లతో ఆడటం మొదలైంది.

ఆ రోజులు మాకు బాగా గుర్తు. 2001 ఆర్థిక సంవత్సరం నుంచి మూడేళ్లపాటు హెచ్‌-1బీ వీసాల పరిమితి 1,95,000 ఉండేది. వీసాలైతే ఉన్నాయి గానీ డాట్‌కామ్ బుడగ పేలి ఉద్యోగాలు ఎగిరిపోయాయి. నలుగురం బ్యాచిలర్లం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. సోఫా లేదు, నేల మీద పరుపులు. ఇద్దరం బెంచి మీద, ఇద్దరికే జీతం. అందరం తలా కాస్త వేసుకుని ఒక ఎక్స్‌బాక్స్ కొన్నాం. దానికి ముందు వైపున నాలుగు కంట్రోలర్లు పెట్టుకునే వీలుండేది. హేలో గేమ్‌లో టీవీని నాలుగు ముక్కలు చేసి నలుగురూ ఆడుకోవచ్చు. రిక్రూటర్ ఫోను రాని సాయంత్రాలు అలా గడిచాయి. అప్పట్లో ఉద్యోగం పోతే గడువు అనేదే లేదు. ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు 2017 జనవరిలో వచ్చింది.

రెండో తరం ఎక్స్‌బాక్స్ 360. 2005 నవంబరు 22న వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇండియాలోనూ విడుదలైంది. బాగా అమ్ముడుపోయింది గానీ ఒక తెగులు అంటుకుంది. ఉన్నట్టుండి ముందు వైపు మూడు ఎర్ర దీపాలు వెలిగి డబ్బా మూగబోయేది. వాడినప్పుడల్లా వేడెక్కడం, ఆపినప్పుడల్లా చల్లబడటం, ఈ రెండింటి మధ్య లోపలి సన్నటి అతుకులు చిట్లిపోవడమే కారణం. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, మరమ్మతుల కోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. తప్పు ఒప్పుకుని డబ్బు ఖర్చుపెట్టింది కాబట్టే ఆ పేరు నిలబడిందని మా అభిప్రాయం.

2010 నవంబరులో ఆ డబ్బాకే కైనెక్ట్ అనే కెమెరా జోడించారు. చేతిలో కంట్రోలర్ అక్కర్లేదు, మనిషి కదిలితే చాలు. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడయ్యాయి. విజిటర్ వీసా మీద వచ్చి, కారు నడపడం రాక, పలకరించేవారు లేక నాలుగ్గోడల మధ్య విసుగెత్తిన అమ్మానాన్నలు మనవళ్లతో కలిసి టీవీ ముందు బౌలింగ్ ఆడిన ఇళ్లు మాకు తెలుసు. చీర కొంగు నడుముకి దోపి బంతి విసిరిన ఒక బామ్మగారి నవ్వు ఇప్పటికీ మరిచిపోలేం.

మూడో తరం ఎక్స్‌బాక్స్ వన్. 2013లో వచ్చింది. అమ్మకానికి ముందే పెద్ద గొడవ జరిగింది. ఆడాలంటే రోజుకి ఒకసారైనా ఇంటర్నెట్‌కి కలపాలని, కొన్న డిస్కును మరొకరికి ఇవ్వడం మీద ఆంక్షలు ఉంటాయని ప్రకటించారు. డబ్బు పెట్టి కొన్న వస్తువు స్నేహితుడికి ఇవ్వకూడదా అని జనం మండిపడ్డారు. రెండు వారాలు తిరగకుండానే, జూన్ 19న, కంపెనీ వెనక్కి తగ్గింది. అయినా దెబ్బ తగలనే తగిలింది. దీని ధర 499 డాలర్లు, పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 4 ధర 399.

2014 ఫిబ్రవరి 4న మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. ఎక్స్‌బాక్స్‌ని వదిలించుకోమని సలహా ఇచ్చినవాళ్లు అప్పట్లో లేకపోలేదు. ఆయన వదల్లేదు. అదే ఏడాది మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2017లో గేమ్ పాస్ మొదలైంది. నెలకి 9.99 డాలర్లు కడితే బోలెడు గేములు. అంటే కొనుక్కోవడం పోయి అద్దెకి తీసుకోవడం వచ్చిందన్నమాట.

నాలుగో తరం 2020 నవంబరు 10న, కోవిడ్ నడుమ వచ్చింది. సిరీస్ ఎక్స్ 499 డాలర్లు, డిస్కు పెట్టే చోటే లేని సిరీస్ ఎస్ 299. తర్వాత 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్ల ఒప్పందంతో యాక్టివిజన్ బ్లిజర్డ్‌ని కొన్నారు. మూడు నెలలు గడిచాయో లేదో, 2024 జనవరిలో గేముల విభాగంలో 1,900 మందిని తీసేశారు. 2025 జూలైలో కంపెనీ మొత్తం మీద సుమారు 9,000 మందిని తొలగించినప్పుడు గేముల విభాగానికీ వాత పడింది. అలాంటి చోట వీసా మీద ఉన్నవారికి ఉద్యోగంతో పాటు ఇల్లు, పిల్లల బడి కూడా 60 రోజుల లెక్కలోకి వచ్చేస్తాయి. నాయకుడు మనవాడైతే మన ఉద్యోగం పదిలమని అనుకునే అమాయకత్వం మనకొద్దు.

ధరల సంగతీ చూడండి. మొదటి ఎక్స్‌బాక్స్ ఆరు నెలలకే 199 డాలర్లకు దిగింది. సిరీస్ ఎక్స్ మాత్రం అయిదేళ్లు పాతబడ్డాక, 2025 అక్టోబరులో, 649.99కి ఎక్కింది. అదే నెలలో గేమ్ పాస్ అల్టిమేట్ నెలకి 29.99 అయింది. అప్పటి ఆ ధరతో ఏడాదికి లెక్క వేస్తే దాదాపు 360 డాలర్లు!

ఇక సోదరి గారికి మా జవాబు. అమ్మా, ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ పుట్టినరోజుకి కొత్తది వద్దు. వాడినదే కొనండి, డిస్కు పెట్టే చోటు ఉన్నదే ఎంచుకోండి. డిస్కులైతే పక్కింటి పిల్లలతో మార్చుకోవచ్చు, ఆడేశాక అమ్ముకోవచ్చు. డిస్కు పెట్టే సిరీస్ ఎక్స్‌లో ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులు, 360 కాలం నాటి చాలా డిస్కులు కూడా ఆడతాయి. నెలనెలా డబ్బు లాగే చందా జోలికి ఇప్పుడే పోకండి.

ఇండియా మాటకొస్తే, కొనే ముందు డబ్బా వెనకో అడాప్టర్ మీదో ఉన్న అక్షరాలు చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే అక్కడా నిక్షేపంగా పనిచేస్తుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. 110 లేదా 127 దగ్గరే ఆగిపోతే 230 వోల్టుల కరెంటుకి నేరుగా తగిలించవద్దు, కాలిపోతుంది. గేమ్ అట్ట మీద "ఎమ్" అని ఉంటే అది 17 ఏళ్లు నిండినవారికి. పదేళ్ల బాబుకి "ఈ" లేదా "ఈ 10 ప్లస్" అన్నవే ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి పరిస్థితి వాడి వయసుకి తగ్గట్టు చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. కొంటే రెండో కంట్రోలర్ కూడా కొనండి. అది మీ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉండాలి. మా బ్యాచిలర్ రోజుల్లో ధైర్యం ఇచ్చింది ఆ డబ్బా కాదు, పక్కన కూర్చున్న ముగ్గురూ.

వచ్చే వారం మరో ఉత్తరంతో కలుద్దాం.