ఆ స్టీరింగు పాలమూరు పిల్లల చేతికి రావాలి

ఫోనులో బస్సు ఆటలు ఆడే పిల్లలను చూసి పెద్దలు విసుక్కుంటారు. నేను పిల్లల పక్షం. ఇండోనేసియాకు చెందిన మాలియో సంస్థ 2017లో విడుదల చేసిన బస్సు సిమ్యులేటర్‌లో ఎవరి బస్సు వాళ్లు తయారుచేసుకోవచ్చు, ఎవరి రంగులు వాళ్లు వేసుకోవచ్చు. ఆ వెసులుబాటు దొరకగానే తెలుగు కుర్రాళ్లు అందులోకి మన ఆర్టీసీ పల్లెవెలుగును, ఎక్స్‌ప్రెస్‌ను, సూపర్ లగ్జరీని దింపేశారు. ఒక బస్సును కంప్యూటర్‌లో నిలబెట్టాలంటే దాని కొలతలు తెలియాలి, యాక్సిల్ ఎక్కడుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, అద్దం ఎంత ముందుకు పొడుచుకొస్తుందో చూసి ఉండాలి. బస్టాండులో నిలబడి అంత శ్రద్ధగా బస్సును చూసిన పిల్లవాణ్ని పనిలేనివాడు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అయితే ఫోను తెర మీద వేలు కదిపితే బస్సు తిరుగుతుంది గానీ, చేతికి బండి తెలియదు. అందుకు స్టీరింగు కావాలి. ఆటల కోసం చేసిన మంచి స్టీరింగు లోపల మోటారు ఉంటుంది. టైరుకూ రోడ్డుకూ మధ్య ఏం జరుగుతోందో ఆట సెకనుకు వందలసార్లు లెక్కకట్టి ఆ మోటారుకు చెబుతుంది, మోటారు మన చేతులకు చెబుతుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మలుపులో ముందు టైర్లు పట్టు తప్పడం మొదలైతే స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది. అనుభవమున్న డ్రైవరు ఆ సంగతిని కంటికంటే ముందు చేతులతో పసిగడతాడు. ఆ జ్ఞానం పుస్తకంలో దొరకదు, బోర్డు మీద రాస్తే రాదు. లాజిటెక్ జీ29 వంటి స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది. దాని మోటారు బలం పళ్లచక్రాల మీదుగా చేతికి చేరుతుంది. అంతకంటే ఖరీదైనవాటిలో స్టీరింగు నేరుగా మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. మొదటి రకం, పెడళ్లతో కలిపి, ఇంచుమించు పాతిక ముప్ఫై వేల రూపాయలు. ఒక ఇంటికి అది బరువే, ఒక ఐటీఐకి కాదు.

ఈ ఆటలు చేసేవాళ్ల పట్టుదల చూడండి. అసెట్టో కోర్సా చేసిన కునోస్ సంస్థ ఇటలీలో వల్లెలుంగా రేసు ట్రాక్ ఆవరణలోనే కార్యాలయం పెట్టుకుంది. ఐరేసింగ్ వాళ్లు అసలు ట్రాకులను లేజరుతో కొలిచి గతుకు గతుకునూ తమ ఆటలోకి ఎక్కిస్తారు. ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సంస్థ 2012లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 తెచ్చి, సరుకు లారీ నడపడమే ఆటగా నిలబెట్టింది. గ్రాన్ టూరిస్మో ఆటలో గెలిచి 2011లో నిస్సాన్ వారి జీటీ అకాడమీకి ఎంపికైన యాన్ మార్డెన్‌బరో నిజమైన రేసు కారెక్కాడు. 2013లో లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో మూడో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. స్టీరింగు ముందు నేర్చింది రోడ్డు మీద పనికొస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది, జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పందెం రద్దయింది. మళ్లీ జరగాలా వద్దా అన్న చర్చ హైదరాబాద్ చేసుకోనీ. నా మనసంతా పాలమూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది.

కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తా. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బళ్లన్నీ రాత్రంతా ఈ దారినే పరుగెడతాయి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద ఓల్వో బస్సు కల్వర్టును తాకి మంటల్లో చిక్కుకుంది. 45 మంది చనిపోయారు. ఇటు నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం దారి మన్ననూరు దాటితే నల్లమల అడవి, దోమలపెంట దాటితే ఘాట్ మలుపులు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బళ్లను ఆపేస్తారు. ఇలాంటి దారుల్లో భారీ వాహనం నడపబోయే పిల్లవాడు ఎలా నేర్చుకుంటున్నాడు? లారీకి క్లీనర్‌గా ఎక్కి, ఉస్తాదు నిద్ర ఆపుకోలేనప్పుడు స్టీరింగు అందుకుని. మొదటి తప్పు రోడ్డు మీదే చేస్తున్నాడు. అదే తప్పు తెరముందు చేస్తే, ఒక బటను నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ ఉండి తీరాలి. తేలిక వాహనాలకు 29 గంటలు, భారీ వాహనాలకు 38 గంటల శిక్షణ. నియమం బాగుంది. కానీ సిమ్యులేటర్ కొని పెట్టగానే పని అయిపోదు. అందులో ఏ రోడ్డు ఉందన్నదే అసలు ప్రశ్న. జర్మనీ హైవేలో వానాకాలం పంట వచ్చినప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోయరు. రాత్రి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పేర్చరు. వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు చీకట్లో మన ముందు పోదు, గొర్రెల మంద అడ్డం రాదు. మన డ్రైవరును చంపేవి ఇవి. వీటిని సిమ్యులేటర్‌లో పెట్టగలిగినవాడు ప్రాగ్‌లో లేడు, మన ఊళ్లోనే ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో తలా ఒక ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో మూడు నాలుగు స్టీరింగులు, కంప్యూటర్లు పెట్టించాలని రవాణా శాఖనూ కలెక్టర్లనూ కోరుతున్నాను. రాజాగారి కోటలో పుట్టిన వనపర్తి కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌తో మొదలుపెట్టవచ్చు. పాఠం చెప్పడానికి ఆర్టీసీ రిటైర్డు డ్రైవర్లను పిలవాలి. వాళ్ల చేతుల్లో ముప్ఫై ఏళ్ల రోడ్డు ఉంది. పల్లెవెలుగును ఆటలోకి తెచ్చిన తమ్ముళ్లకు నాదొక మనవి. బస్సులు చాలా చేశారు, త్రీడీ నమూనాలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉచితమే. ఇక రోడ్డు చేయండి. పెబ్బేరు నుంచి బీచుపల్లి దాకా, వడ్ల కుప్పలతో సహా.