పూర్వజన్మ స్మృతి: జ్ఞాపకమే సాక్ష్యమా?

ఎప్పుడు, ఎక్కడ తెలుసుకున్నదీ ఎరుకలో ఉండగా ఒక విషయాన్ని తలచుకోవడం చేతన స్మరణ. తెలుసుకున్న సందర్భం పూర్తిగా మరుగునపడినా ఆ విషయం మాత్రం మాటలోనో ఊహలోనో బయటపడడం అచేతన స్మరణ. రెండోదానిలో విషయం మిగిలి మూలం పోతుంది కనుక, మనసు తన నమ్మకానికి అనువైన మూలాన్ని కల్పించుకుని, దానిని స్వానుభవంగా స్వీకరించినప్పుడు మిథ్యాస్మృతి ఏర్పడుతుంది. అందుచేత పూర్వజన్మ వృత్తాంతం చెప్పే వ్యక్తికి మోసగించే ఉద్దేశం లేదని తేలినంత మాత్రాన ఆ వృత్తాంతం నిజమైపోదు.

19వ శతాబ్దం చివర జెనీవాలో ఎలెన్ స్మిత్ అనే మారుపేరుతో ప్రసిద్ధికెక్కిన ఒక స్త్రీ, పూనకం వంటి స్థితిలో, తాను పూర్వజన్మలో కన్నడ ప్రాంతంలో 1401లో చంద్రగిరి కోట కట్టించిన శివ్రూక నాయకుడనే రాజు భార్యనని చెప్పేది. ఆమెను ఏళ్ల తరబడి పరిశీలించిన మనోవిజ్ఞాన ఆచార్యుడు థియొడోర్ ఫ్లూర్నువాకు, ఆ రాజు పేరూ కోట పేరూ సంవత్సరమూ, డి మార్లెస్ 1828లో ఫ్రెంచిలో ప్రచురించిన భారతదేశ చరిత్రలో కనిపించాయి; ఆ గ్రంథం ప్రతులు జెనీవాలోనూ ఉన్నాయి. ఆమె దానిని చదివిందని ఆయన నిరూపించలేకపోయినా, చదివో వినో మరిచిపోయి ఉంటుందన్న వివరణకు పునర్జన్మను ఒప్పుకోవలసిన పని లేదు. ఆమె కుజగ్రహ భాషగా చెప్పినది సైతం ఫ్రెంచి వ్యాకరణాన్నే అనుసరించిందని ఆయన చూపాడు. మరుగునపడిన జ్ఞాపకం కొత్తదిగా తోచే ఈ స్థితికి క్రిప్టోమ్నీషియా అని పేరు.

చేతన స్మరణ కూడా ప్రశ్నల ప్రభావానికి లొంగుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగంలో, ప్రమాద దృశ్యం చూసిన వారిలో కొందరిని కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ వేగం ఎంతని, మరికొందరిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంతని అడిగారు. దృశ్యంలో అద్దాలు పగలకపోయినా, వారం తరువాత పగిలిన గాజు చూశామన్నవారు మొదటి వర్గం 50 మందిలో 7గురు, రెండో వర్గం 50 మందిలో 16 మంది.

ఒక్క మాట తేడాకే ఇంత మార్పు వస్తే, పునర్జన్మను ముందే నమ్మిన పెద్దలు, పూర్వజన్మ గురించి మాట్లాడే పిల్లవాడిని పదేపదే అడిగి, అతడి అస్పష్టమైన జవాబులను తామే పూరించేటప్పుడు ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. ఇటువంటి ఉదంతాలను సేకరించిన ఇయాన్ స్టీవెన్సన్‌కు ఎదురైనవాటిలో అధికభాగం, ఆయన విచారణ మొదలయ్యేసరికే పిల్లవాడి కుటుంబమూ, అతడి పూర్వజన్మదని చెప్పే కుటుంబమూ కలుసుకున్నవి. కుటుంబాలు కలవకముందే, ప్రశ్నలతో సహా ప్రతి మాటా నమోదై, తప్పిన వివరాలనూ కలిసినవాటితోపాటు లెక్కించినప్పుడే అటువంటి కథనం పరీక్షకు అర్హమవుతుంది.