మమకారానికి బదిలీ

ప్రశ్న: నా వయస్సు 36. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. మావారు చేపల చెరువుల పనిమీద ఎప్పుడూ బయటే. నిరుడు నాన్న పోయిన దగ్గరనుంచి నాకు నిద్ర కరువయింది. గుండెదడ, ఊరికే ఏడుపు. ఇక్కడి మందులకు తగ్గలేదు. చివరికి విజయవాడలో ఒక మానసిక వైద్యుని దగ్గరకు పదిహేను రోజులకొకసారి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళివస్తున్నాను. మాత్రలు ఇచ్చారు. ముప్పావుగంటసేపు నాచేత మాట్లాడిస్తారు. ఎనిమిది నెలలయింది. నిద్ర పడుతోంది గాని, కొత్త బాధ పట్టుకుంది. ఎప్పుడు వెళతానా అని రోజులు లెక్కపెడుతున్నాను. ఏ చీర కట్టుకోవాలా అని రెండు రోజుల ముందునుంచీ ఆలోచన. నాకన్న ముందు లోపలికి వెళ్ళినావిడ నవ్వుతూ బయటికి వస్తే కడుపు మండుతుంది. ఆయన మాత్రం ఏనాడూ హద్దు మీరి ఒక్క మాట అనలేదు. నాన్న మాతో కూర్చుని మాట్లాడిన మనిషి కాదు. 1977 ఉప్పెనలో తన తల్లినీ, ఇద్దరు చెల్లెళ్ళనూ పోగొట్టుకున్నాడట. అదీ ఇతరులు చెప్పగా విన్నదే. నేను చెడిపోయానా? వచ్చే నెలనుంచి వెళ్ళడం మానేద్దామనుకుంటున్నాను. మావారికి చెప్పాలా?
— ఒక సోదరి, నాగాయలంక

జవాబు: మానవద్దు. మీ ఉత్తరం చదవగానే మొదట చెప్పాలనిపించిన మాట ఇదే. నిద్ర పడుతోందని మీరే వ్రాశారు. ఎనిమిది నెలలు బస్సుల్లో కుదుపులు తిని సంపాదించుకున్న ఆరోగ్యాన్ని సిగ్గుపడి వదులుకుంటారా? మాత్రలు మీ అంతట మీరు హఠాత్తుగా ఆపడం అసలే మంచిది కాదు.

చెడిపోయానా అని అడిగారు. లేదమ్మా. ఇలాంటి వైద్యం చేయించుకునేవారిలో చాలామందికి కలిగేదే మీకూ కలిగింది. డాక్టర్లు దానికి ట్రాన్స్‌ఫరెన్స్ అని పేరు పెట్టారు. అంటే బదిలీ. గవర్నమెంటు ఉద్యోగికి బదిలీ అయినట్టే మనస్సులోని పాత అనుబంధాలకూ బదిలీ అవుతుంది. చిన్ననాడు తల్లి దగ్గరో తండ్రి దగ్గరో తీరని ఆశలు, భయాలు, అలకలు పాత కాగితాలన్నీ మూటకట్టుకుని కొత్త మనిషి దగ్గరకు వచ్చి చేరతాయి. కొందరికి అది ప్రేమగా కనిపిస్తుంది. మరికొందరికి కోపంగా, ‘ఈయన నన్ను లెక్కచెయ్యడంలేదు’ అన్న అనుమానంగా కనిపిస్తుంది. రెండూ ఒక చెట్టు కాయలే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు 1880 నుంచి 1882 వరకు బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతికి వైద్యం చేశాడు. ఆమె మాట్లాడేది, ఆయన వినేవాడు. మాటలతో నయం చేసే ఆ పద్ధతికి పేరు పెట్టింది కూడా ఆమే. తనమీద ఆమె మమకారం పెంచుకోవడం చూసి బ్రాయర్ కంగారుపడి తప్పుకున్నాడని ఆయన మిత్రుడు ఫ్రాయిడ్ తరవాత చెప్పాడు. అందులో నిజమెంతో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఒకటి మాత్రం నిజం: ఆ పేషెంటు చెడిపోలేదు. తరవాత కొన్నాళ్ళు ఆస్పత్రుల్లో బాధపడినా, కోలుకుని 1904లో జర్మనీలో యూదు మహిళల సంఘం స్థాపించింది. దిక్కులేని ఆడపిల్లలకు నీడ కల్పించింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలాబిళ్ళ వేసింది.

ఫ్రాయిడ్‌కూ ఒక దెబ్బ తగిలింది. 1900లో తన దగ్గరకు వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్ల, పుస్తకంలో ఆయన డోరా అని పిలిచిన పిల్ల, మూడు నెలలు తిరక్కుండానే వైద్యం మానేసి వెళ్ళిపోయింది. తనమీదికి బదిలీ అయిన ఆమె భావాలను వేళకు కనిపెట్టలేకపోయానని 1905లో ఆయనే వ్రాసుకున్నాడు. 1915లో పూర్తిగా ఈ విషయంమీదే ఒక వ్యాసం వ్రాశాడు. పేషెంటుకు తనమీద మనసయిందని డాక్టరు మురిసిపోకూడదన్నాడు. అది ఆయన అందచందాలవల్ల వచ్చింది కాదు, ఆ వైద్యంవల్ల వచ్చింది. దాన్ని చేరదియ్యకూడదు, కసిరి అణచనూ కూడదు. ఎక్కడినుంచి వచ్చిందో వెదకాలి.

మీరూ కాస్త ఆలోచించండి. ముప్పావుగంటసేపు మీ మాట తప్ప మరొకటి వినని మనిషి ఆయన. మధ్యలో ఫోను తియ్యడు. కూరలో ఉప్పెక్కువయిందనడు. తన తలనొప్పులూ అప్పులూ చెప్పడు. ఇంట్లో ఆయన కూడా తడితువ్వాలు మంచంమీద పారేసి, కాఫీ ఏదని కేకలు వేస్తాడేమో మీకేం తెలుసు? తెలియని చోటును మనస్సు తనకు కావలసిన రంగులతో నింపుకుంటుంది. మీవారిని ఆయనతో పోల్చుకుంటున్నారేమో, అది న్యాయం కాదు. రోజంతా చెరువు గట్లమీద తిరిగి అలిసివచ్చిన మనిషికీ, వినడమే వృత్తి అయిన మనిషికీ పోటీ ఏమిటి?

మీ ఉత్తరంలో ముఖ్యమైనది చీర సంగతి కాదు, నాన్నగారి సంగతి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మానసిక వైద్యం పల్లెలదాకా పోవాలన్న జాతీయ కార్యక్రమమే 1982లో గాని మొదలుకాలేదు. కడుపుకోత పడ్డవాళ్ళ పక్కన కూర్చుని ‘ఏమయిందో చెప్పు నాయనా’ అనడం కూడా ఒక వైద్యమేనని ఆనాడు ఎందరికి తెలుసు? చెప్పుకోని దుఃఖం ఇంట్లో మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనం పక్కన పెరిగిన పిల్లకు, తండ్రి పోయిన ఏడాదే తన మాట వినే మనిషి దొరికితే ప్రాణం లేచివచ్చినట్టుండదా? మీరు ఎదురుచూస్తున్నది డాక్టరుగారి కోసమా, ఇక ఎన్నటికీ మాట్లాడని నాన్నగారి కోసమా? అది ఇక్కడ కూర్చుని నేను తేల్చేది కాదు. ఆ గదిలోనే తేలాలి.

కనుక వచ్చేసారి ఆయనతోనే చెప్పండి. నోరు పెగలకపోతే నాకు వ్రాసినట్టే కాగితంమీద వ్రాసి చేతికివ్వండి. పని తెలిసిన డాక్టరు నవ్వడు, కసరడు, కుర్చీ దగ్గరగా జరుపుకోడు. చెప్పి మంచిపని చేశారని, అక్కడినుంచి వైద్యం సాగిస్తాడు. కరకట్ట ఎందుకో దివిసీమ ఆడపడుచుకు వేరే చెప్పాలా? నీరు పాపం చెయ్యలేదు, కట్ట నిలవాలి, అంతే. ఆ కట్టను కాసే బాధ్యత డాక్టరుది. చెప్పిన తరవాత కూడా మీకు భరించరానంత బాధగా ఉంటే మరొక డాక్టరు పేర చీటీ వ్రాసిమ్మని అడగండి. చెప్పాపెట్టకుండా మానెయ్యడంకన్న అది వేయిరెట్లు నయం.

ఇక మీవారి సంగతి. మనస్సులో కదిలిన ప్రతి అలనూ భర్తకో భార్యకో అప్పగించాలన్న రూలు ఏ సంసారంలోనూ లేదు. మీరు తప్పు చెయ్యలేదు గనుక ఒప్పుకోవలసిన తప్పూ లేదు. కాని నాన్నగారి సంగతి మాత్రం ఆయనతో చెప్పండి. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, ముప్పావుగంట కాకపోయినా పావుగంట వినమనండి. వినడం నేర్చుకుంటే వచ్చే విద్యే.

ప్రశ్న: మా చెల్లెలు కాలేజీలో చదువుతోంది. దిగులుగా ఉంటోందని ఒక కౌన్సిలరు దగ్గరకు పంపిస్తున్నాము. ఆయన ఇప్పుడు రాత్రిపూట ఫోనులో మెసేజీలు పెడుతున్నాడు. ఫీజు వద్దంటున్నాడు. సినిమాకు రమ్మన్నాడట. ‘ఆయన చాలా మంచివారక్కా’ అంటోంది. ఇదీ వైద్యంలో భాగమేనా?
— ఒక అక్క, గుడివాడ

జవాబు: కాదు. వెంటనే మాన్పించండి. పై జవాబులో మానవద్దన్నదాన్ని ఇక్కడ మానమంటున్నానేమిటని ఆశ్చర్యపడకండి. అక్కడ కట్ట గట్టిగా ఉంది, ఇక్కడ కట్టను కాయవలసినవాడే గండి కొడుతున్నాడు. పేషెంటుతో శరీరసంబంధం పెట్టుకోనని వైద్యులు ఒట్టుపెట్టుకోవడం హిపోక్రటీసు పేరుమీద రెండువేల ఏళ్ళకు పైబడి వస్తున్న ఆచారం. మన దేశంలో 2002 నాటి వైద్య మండలి నియమావళి కూడా వృత్తిని అడ్డం పెట్టుకుని పేషెంటుతో అనుచితంగా ప్రవర్తించిన డాక్టరుమీద చర్య తీసుకోవచ్చునంటుంది. ఆయన డాక్టరయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యండి. కాకపోతే ఏం చదివాడో ముందు కనుక్కోండి. బోర్డు కట్టినవారంతా వైద్యులు కారు. ఆ మెసేజీలు చెరిపెయ్యకుండా దాచండి.

చెల్లెలిని మాత్రం ఒక్కమాట అనకండి. ఆ మమకారం ఆమె తప్పు కాదు, దాన్ని వాడుకోవాలనుకోవడం అతని తప్పు. దిగులు తగ్గలేదు గనుక వైద్యం ఆపకుండా మరొక మంచి డాక్టరుకు చూపించండి. ఈలోగా రాత్రివేళ మనస్సు బాగాలేకపోతే 14416కు ఫోను చెయ్యమనండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సహాయం 2022లో మొదలయింది. రాత్రింబవళ్ళు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.