పదిహేనేళ్ళ పిల్లాడితో ఐదేళ్ళ బాండా?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

గత ఆదివారం కమిటీలో పెట్టిన ప్రతిపాదన వినే ఉంటారు. సంఘం ఖర్చుతో హాకీ నేర్చుకుంటున్న పిల్లలు ఐదేళ్ళు మన జట్టుకే ఆడాలట. మధ్యలో వెళ్తే 50,000 రూపాయలు కట్టాలట. తండ్రి సంతకం పెట్టాలట. కారణం తెలిసిందే. మనం స్టిక్కులు, బూట్లు కొనిచ్చి, తెల్లారగట్ల గ్రౌండుకి తీసుకెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళని ఒక అకాడమీ చెప్పాపెట్టకుండా ఎగరేసుకుపోయింది. కడుపుమంట మాకూ ఉంది. అయినా ఈ బాండుకి మేం ఒప్పుకోం.

మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. తండ్రి సంతకం ఉందిగా అంటారా? ఆ తండ్రుల్లో ఒకాయన ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. ఆయన మీద కోర్టుకెళ్తామా మనం?

కోట్లు పారే లీగులు ఏం చేస్తున్నాయో చూడండి. అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే హాకీకి ఎన్‌హెచ్‌ఎల్ ఉంది (మన హాకీకీ దానికీ కర్ర ఒక్కటే చుట్టరికం, సరే). పద్దెనిమిదేళ్ళకి చేరిన కుర్రాడి తొలి ఒప్పందం మూడేళ్ళు. ఆ తర్వాత కూడా క్లబ్బుకి వాడి మీద హక్కుంటుంది గానీ ఊరికే కాదు. ముందు కొత్త జీతం ఇవ్వజూపాలి, లేదంటే వాడు స్వతంత్రుడు. ఇంకో క్లబ్బు ఎక్కువిస్తానంటే పాత క్లబ్బుకి ఏడు రోజుల గడువు. అంతా ఇచ్చి ఉంచుకోవాలి, లేదా పరిహారం తీసుకుని వదలాలి.

2024 ఆగస్టులో ఎడ్మంటన్ ఆయిలర్స్‌కి ఇదే ఎదురైంది. రెండు నెలల ముందే స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా ఆడిన జట్టది. సెయింట్ లూయిస్ బ్లూస్ వచ్చి ఫిలిప్ బ్రోబెర్గ్, డిలన్ హాలోవేలకి పెద్ద జీతాలు రాసిచ్చింది. ఎడ్మంటన్ ఇద్దర్నీ వదులుకుని, బదులుగా డ్రాఫ్టులో రెండో రౌండు ఎంపిక ఒకటి, మూడో రౌండుది ఒకటి పుచ్చుకుంది. ఇచ్చుకున్నది తీసుకెళ్ళిన క్లబ్బు. కుర్రాళ్ళని ఎవరూ జరిమానా అడగలేదు. ఫుట్‌బాల్‌లో ఫిఫా నిబంధనా అంతే, శిక్షణ పరిహారం కొత్త క్లబ్బే కట్టాలి.

2025 ఫిబ్రవరి 1న మన బిర్సా ముండా స్టేడియంలోనే హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ ఆడితే గొంతులు పోయేలా అరిచాం. ఆ సీజన్‌లో ప్రతి మగవాళ్ళ జట్టూ నలుగురు జూనియర్లని తీసుకోవాలని నియమం ఉండేది. మన పిల్లాడొకడు అలాంటి జూనియర్లలోకి రావాలంటే ఇప్పట్నుంచే టర్ఫ్ మీద ఆడాలి. మన గ్రౌండు మట్టిది. ఐదేళ్ళు వాణ్ణి మట్టికి కట్టేసి మనం ఏం సాధిస్తాం?

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం వదిలి ఇక్కడి ప్లాంటుకి వచ్చినప్పుడు ఊరివాళ్ళు బాండు రాయించుకున్నారా?

మేం కోరేది ఇది. ఏడాదికొకసారి పిల్లల్ని అడిగి పేరు కొనసాగిద్దాం. తీసుకెళ్ళే అకాడమీ రెండేళ్ళ కిట్ల ఖర్చు సంఘానికి తిరిగివ్వాలని లిఖితంగా అడుగుదాం. ఇవ్వకపోతే వాళ్ళ టోర్నమెంటుకి మనం జట్టుని పంపొద్దు. కోచ్‌గారికి బాకీ ఉన్న నాలుగు నెలల జీతం ముందు తీరుద్దాం. గుడ్లు, పాలు ఆగిపోయి ఎన్నాళ్ళయిందో కూడా కమిటీ చెప్పాలి.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. ఓటున్నవాళ్ళు తప్పక రండి. ఆ ఇద్దరు కుర్రాళ్ళ తండ్రుల్ని కూడా పిలవమని కార్యదర్శిగారిని అడిగాం. ఇంకా జవాబు రాలేదు.