ఎముకల పొదుపు

గడప దాటబోయి కాలు జారిన ముసలమ్మకు తుంటి ఎముక విరిగితే, "వయసు మీద పడింది, ఏం చేస్తాం!" అని ఇరుగుపొరుగు నిట్టూరుస్తారు. కాని ఆ ఎముక కథ ఆమె పదహారేళ్ల ప్రాయంలోనే మొదలైంది.

ఎముకను మనం ఇంటి దూలం వంటి జడపదార్థమని భావిస్తాం. నిజానికది సజీవం. పాత భాగాన్ని కరిగించే కణాలు, కొత్త భాగాన్ని నిర్మించే కణాలు అందులో నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. మన శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోను, పళ్లలోను ఉంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా నెత్తురులో కొంత కాల్షియం ఉండితీరాలి. ఆహారం ద్వారా అది చాలినంత అందకపోతే శరీరం ఎముకల నుంచి తీసుకొంటుంది. ఇరవై ఏళ్లు నిండేసరికే ఎముక సాంద్రతలో అధికభాగం సమకూరుతుంది. ముప్పై దాటాక ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగులుతుంది.

ఇంటర్మీడియట్ చదివే రెండేళ్లూ ఈ పొదుపుకు అమూల్యమైనవి. సరిగ్గా ఆ రెండేళ్లలోనే ఎన్నో కళాశాలలు ఆటల గంటను కాలపట్టిక నుంచి తొలగిస్తున్నాయి. ఇది నా దృష్టిలో క్షమించరాని పొరపాటు. ఎండ తగలని శరీరానికి విటమిన్ డి కొరవడుతుంది. అది లేనిదే తిన్న కాల్షియం ఒంటబట్టదు. భారం మోయని ఎముక క్షీణిస్తుంది. భారరహిత స్థితిలో గడిపే వ్యోమగాములు తగిన వ్యాయామం చేయకపోతే తుంటి ఎముక సాంద్రతను నెలకు ఒక శాతానికి పైగా కోల్పోతారు. తరగతి గది అంతరిక్షం కాదు, నిజమే. అయినా కబడ్డీ, తాడాట ఎముకకు ఇచ్చే బలాన్ని ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని సూచించింది. 100 గ్రాముల రాగుల్లో అది దాదాపు 350 మిల్లీగ్రాములు ఉండగా, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. ఒకనాడు పేదల తిండి అని చిన్నచూపు చూసిన రాగిసంకటిని ఇప్పుడు హోటళ్లలో డబ్బిచ్చి తింటున్నాం!

స్త్రీల విషయంలో మరొక చిక్కు ఉంది. ఎముకను కరిగించే కణాలను ఈస్ట్రోజన్ అనే హార్మోను అదుపులో ఉంచుతుంది. నెలసరి ఆగిన తొలి సంవత్సరాల్లో ఆ అదుపు సడలి ఎముక వేగంగా తరిగిపోతుంది. ఇది ప్రకృతి ధర్మం. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతం దాటారు. దానితోపాటు అండాశయాలను కూడా తొలగిస్తే, యాభైలలో రావలసిన లోటు ముప్పైలలోనే వచ్చిపడుతుంది. క్యాన్సర్ వంటి వ్యాధుల్లో ఆ శస్త్రచికిత్స ప్రాణం నిలుపుతుంది, కాదనను. కాని "పిల్లలు పుట్టారుగా, ఇక దానితో పనేముంది?" అనే మాటతో ఆపరేషన్‌కు ఒప్పుకొనే తల్లులు మన చుట్టూ ఉన్నారు. వారి పక్కన తోడుగా వెళ్లేది చాలాసార్లు చదువుకొన్న కొడుకో, కూతురో. "అండాశయాలు కూడా తీయవలసిందేనా? మందులతో నయం కాదా?" అని వైద్యుని అడగడానికి వారికి అడ్డేమిటి?